పది నిమిషాల మటన్

డానియేలు ఒకచోట కుదురుగా కూర్చోలేడు. ఈ సంగతి కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఆయనతో కలిసి పనిచేసినవాళ్లకు తెలుసు, చర్చిలో ఆయన పక్కన కూర్చునేవాళ్లకు తెలుసు, అందరికంటే ఎక్కువగా ఆయన భార్య లీలమ్మకు తెలుసు. పాస్టరు గారి ప్రసంగం పావుగంట దాటిందంటే ఆయన కుడికాలు ఊగడం మొదలుపెడుతుంది. అరగంట దాటితే బయట చెప్పులు వరసగా పెట్టే నెపంతో లేచిపోతాడు. ఫర్నేస్ దగ్గర ఈ గుణం అక్కరకొచ్చింది. కరిగే లోహం ముందు కునికేవాడికంటే, అటూ ఇటూ తిరుగుతూ మాటిమాటికీ అద్దంలోంచి తొంగిచూసేవాడే నయం కదా. ఇంట్లో ఆ మనిషిని భరించాలంటే మాత్రం లీలమ్మకున్నంత ఓపిక ఉండాలి.

రిటైరై ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన ఇంట్లో బాగుచేయని వస్తువు లేదు. బాగున్నవాటిని కూడా బాగుచేశాడు. లీలమ్మ కుట్టుమిషను బెల్టు బిగించి, చక్రం తిరగకుండా చేసిపెట్టిన రోజునుంచి ఆమె మిషను గదికి లోపల గడియ పెట్టుకుంటోంది. పొద్దున ఆరింటికి సంతోష్‌నగర్ దాకా ఒక నడక, తొమ్మిదింటికి మళ్లీ అదే దారిలో ఇంకో నడక, సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు ఫ్యాక్టరీ గేటు ఎదురుగా నిలబడటం. లోపలినుంచి వచ్చేవాళ్లు ఎట్లున్నవన్నా అని పలకరిస్తారు. ఆయన జవాబు చెప్పేలోపే బండి స్టార్టు చేస్తారు.

ఇక ఆయనకంటూ మిగిలింది డిసెంబరు క్యాంపు ఒక్కటే. ఫ్యాక్టరీలో కొండలెక్కే పిచ్చి ఉన్నవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఏటా చలికాలంలో నాలుగు రోజులు కర్ణాటక వైపు కొండల్లోకి డేరాలు పట్టుకుని పోతారు. పంతొమ్మిదేళ్ల కిందట వాళ్ల వంటమనిషికి జ్వరమొస్తే, ఒక్కసారికి కదా అని డానియేలు వెళ్లాడు. వర్షానికి తడిసిన కట్టెలతో పొయ్యి వెలిగించి పన్నెండు మందికి మటన్ వండిపెట్టాడు. ఆ తర్వాత ఆయన లేకుండా క్యాంపు కదలలేదు. గిన్నెలు, ఉల్లిగడ్డల సంచి, మసాలా డబ్బాలు ఆయన భుజం మీదే కొండెక్కేవి. వాటితోపాటు లీలమ్మ ఎండబెట్టిన ఒట్టి తునకలు కూడా ఒక డబ్బాడు. ఆఫీసర్లు, టెక్నీషియన్లు అనే తేడా లేకుండా అందరూ ఆయన పొయ్యి చుట్టూ చేరి, ఇంకెంతసేపు అన్నా అని అడిగేవాళ్లు. ఆ ఒక్క మాట వినడానికే ఈ మనిషి ఏడాదంతా ఎదురుచూసేవాడంటే అతిశయోక్తి కాదు.

నవంబరు మొదటివారంలో శ్రీవత్స ఇంటికొచ్చాడు. క్యాంపు వ్యవహారమంతా చూసేది ఆయనే. రాజమండ్రి వైపునుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇంజనీరు. మెత్తటి మనిషి, ఎవరి మొహం మీదా కాదు అనలేడు. వెంట అమృత అనే కొత్త ఇంజనీరమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి సంచిలోంచి వెండిరంగు ప్యాకెట్లు నాలుగు తీసి బల్లమీద పెట్టింది. డానియేలు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. లోపల వేయించిన శనగలున్నట్టు గలగలలాడింది, బరువు మాత్రం లేదు. మటన్ అంకుల్, ఇంకోటి కూడా అదే, మిగతా రెండు చికెన్, కీమా, అంది అమృత. వండిన మటన్‌ను గడ్డకట్టించి, వాక్యూమ్‌లో పెట్టి నీళ్లన్నీ లాగేస్తారట. దాన్ని ఫ్రీజ్ డ్రైడ్ అంటారట. ఏడాదైనా పాడవదట. తినేముందు వేడి నీళ్లు పోస్తే చాలట.

శ్రీవత్స టీ తాగుతూ మెల్లగా విషయంలోకి వచ్చాడు. ఈ ఏడు అడవిలో కట్టెల పొయ్యికి ఫారెస్టువాళ్లు ఒప్పుకోవడం లేదు. గ్యాసు స్టవ్వూ సిలిండరూ గిన్నెలూ మోసుకుపోవాలి, లేదంటే ఇవి. డానియేలు గారి నాలుక మీద తమకందరికీ నమ్మకం కాబట్టి, ఆయన రుచి చూసి బాగుందంటే ఇవే తీసుకెళ్తారు, బాగాలేదంటే పాత పద్ధతే. అలా చెప్పి ప్యాకెట్టుకొకటి చొప్పున కాగితాలు కూడా ఇచ్చాడు. వాసన, రుచి, ముక్క మెత్తదనం, పట్టిన సమయం అని గళ్లున్నాయి. కింద పాసా ఫెయిలా రాసి సంతకం చేయాలి. వచ్చే ఆదివారం చంపాపేట హోటల్లో అందరూ కలుస్తారు, అప్పుడు చెబితే చాలన్నాడు.

వాళ్లు వెళ్లాక లీలమ్మ కప్పులు తీస్తూ, "వేడి నీళ్లు పోసుడే అయితే మరి నువ్వెందుకు?" అంది. ఆమె మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. కానీ ఆ మాటతో డానియేలుకు అసలు సంగతి అర్థమైంది. ప్యాకెట్టు పాసైతే వంటవాడి పని లేదు. వంటవాడి పని లేకపోతే జీతమూ లేని, వయసూ మళ్లిన ఒక రిటైరైన మనిషికి ఆ బండిలో సీటు ఎందుకు? తన సీటు తీసేయాలో వద్దో తనచేతే రాయించుకోవడానికి వచ్చారన్నమాట.

రెండు రోజులు ఆ ప్యాకెట్ల జోలికి పోలేదు. వాటిని అలమారలో పెట్టాడు, తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు, మళ్లీ అలమారలో పెట్టాడు. సంతోష్‌నగర్ దాకా నడక రోజుకు మూడుసార్లయింది. మూడోరోజు పొద్దున తన ఫర్నేస్ సావాసగాడు వైకుంఠాన్ని ఫోన్ చేసి పిలిచాడు. పరీక్షకు సాక్షి ఉండాలి కదా.

ఇప్పుడు ఆయన చేసిన పని చెప్పాలి. మన ఇళ్లలో ఎండు మాంసం అంటే ఒట్టి తునకలే. పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి, మిద్దెమీద తీగకు వేలాడదీస్తే మూడు నాలుగు ఎండలకు కట్టెలాగా ఎండుతుంది. దాన్ని వండాలంటే ముందు దుమ్ము పోయేదాకా కడగాలి, నానబెట్టాలి, కుక్కర్లో పెట్టి విజిళ్లు రానివ్వాలి. అంత చేసినా కొన్ని ముక్కలు దవడలకు పని పెడతాయి. డానియేలుకు తెలిసిన ఎండు మాంసం అది. కాబట్టి వేడి నీళ్ల మాట పక్కనపెట్టి, ప్యాకెట్టు చింపి గిన్నెలో బోర్లించి, మూడుసార్లు శుభ్రంగా కడిగాడు. ఎర్రటి నీళ్లు పారబోశాడు. రెండు గంటలు నానబెట్టాడు. కుక్కర్లో వేసి నాలుగు విజిళ్లు రానిచ్చాడు. అంతటితో ఆగక, కొండమీద చల్లదనం లెక్కన ఇంకో విజిలు వేశాడు.

మూత తీస్తే లోపల మాంసం లేదు. బూడిదరంగు ముద్ద ఒకటి, అందులో దారాల్లాంటి పోగులు. వైకుంఠం గరిటెతో తీసి నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. ఇది తినేదా, గోడకు పెట్టే లప్పమా అని అడిగాడు. ఉప్పు లేదు, కారం లేదు, వాసన కూడా తడిసిన అట్టపెట్టెలాగా ఉంది. డానియేలు మొహం వెలిగిపోయింది. కాగితం తెచ్చి గళ్లన్నీ చకచకా నింపాడు. రుచి లేదు. మెత్తదనం అసలే అడగొద్దు. సమయం రెండున్నర గంటలు. కింద పెద్ద అక్షరాలతో ఫెయిల్ అని రాశాడు. వైకుంఠం ఆయన భుజం తట్టి, ఇగ గ్యాసు సిలిండరు మోసుడు నేర్చుకో అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అంతా అయిపోయింది కదా, ఇక హాయిగా ఉండొచ్చు. కానీ ఆ మధ్యాహ్నం డానియేలుకు అన్నం సహించలేదు. మిద్దె ఎక్కాడు, దిగాడు. వీధి చివర దాకా పోయి, ఎందుకొచ్చాడో మరిచిపోయి తిరిగొచ్చాడు. కాగితం మీద సంతకం పెట్టే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను తీశాడు, మూత పెట్టాడు.

ఆయన్ను తొలుస్తున్నది వాక్యూమ్ అన్న మాట. ఆయన ముప్పై నాలుగేళ్లు చేసిన పని అదే. ఆయన నడిపింది వాక్యూమ్ ఫర్నేస్. గాలంతా తోడేసిన కొలిమిలో లోహం కరుగుతుంటే, లోపల దాక్కున్న వాయువులన్నీ వాటంతటవే బయటికొచ్చేస్తాయి. ఎవరూ పిండరు, కాల్చరు. ఎండలో ఎండిన ముక్క ముడుచుకుని గట్టిపడుతుంది, నిజమే. కానీ వాక్యూమ్‌లో నీళ్లు పోయిన ముక్క ముడుచుకోదు. నీళ్లుండే చోటు ఖాళీగా అట్లాగే ఉండిపోతుంది. అలాంటప్పుడు దానికి కావలసింది నీళ్లే కాని నిప్పు కాదు. వండిన మటన్ అని ఆ అమ్మాయి చెప్పనే చెప్పింది. వండినదాన్ని పట్టుకుని ఐదు విజిళ్లు ఎందుకు వేసినట్టు? మసాలా అంతా మూడు కడుగుళ్లలో మోరీ పాలు చేసి, రుచి లేదని ఎట్లా రాసినట్టు?

ఒకసారి ల్యాబ్‌వాళ్లు ఆయన పోసిన లోహాన్ని ఫెయిల్ చేశారు. తప్పు లోహంలో లేదని, నమూనా కోసినవాడు తప్పు చోట కోశాడని, మళ్లీ పరీక్ష పెట్టాలని డానియేలు రెండు రోజులు ఆఫీసులో లొల్లి పెట్టాడు. రీటెస్టులో అది పాసైంది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ నలుగురికి చెప్పుకుంటాడు. ఈ రోజు నమూనా తప్పుగా కోసినవాడు తానే.

లీలమ్మ మిషను గది కిటికీలోంచే ఇదంతా చూస్తోంది. చివరికి సూది ఆపి, "కవర్ మీద ఏం రాసుందో సదివినవా?" అని అడిగింది. చదవలేదు. అద్దాలు జేబులోనే ఉన్నాయి, అయినా చదవలేదు. చదివితే ఏముంటుందో మనసులో తెలుసు కాబట్టే చదవలేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు.

మరునాడు రెండో మటన్ ప్యాకెట్టు తీశాడు. ఈసారి వైకుంఠాన్ని పిలవలేదు. కవరు మీద గీత ఉన్నంతవరకు మరిగే నీళ్లు పోసి, కలిపి, కవరు మూతి మడిచి, పది నిమిషాలు ఆగమని రాసుంది. నీళ్లు పోశాడు. గోడ గడియారం చూశాడు. ఆ పది నిమిషాలు ఆయన ఎట్లా గడిపాడో లీలమ్మ తర్వాత తన చెల్లెలికి ఫోనులో చెప్పింది. రెండో నిమిషానికి వంటింట్లోంచి వాకిట్లోకి, మూడో నిమిషానికి వాకిట్లోంచి మిద్దెమీదికి, ఐదో నిమిషానికి కిందికొచ్చి కవరు పట్టుకుని చూసి, కాలిందని వదిలేసి, ఏడో నిమిషానికి పనిచేస్తున్న కుళాయి విప్పడం మొదలుపెట్టాడట.

పది నిమిషాలు కాగానే కవరు విప్పాడు. ఆవిరితోపాటు లవంగాల వాసన వచ్చింది. ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ముక్క ముక్కలాగా ఉంది. పంటికి తగిలింది, తగిలి విడిపోయింది. ఉప్పు సరిపోయింది. కారం కాస్త తక్కువ, కానీ అది కొండమీద పచ్చిమిరపకాయ కొరికితే తీరే లోటు. లీలమ్మకు ఒక ముక్క ఇచ్చాడు. ఆమె నమిలి, బాగనే ఉందే అంది, ఇంకో ముక్క అడిగి తీసుకుంది. మంచి తిండి నోట్లో పెట్టుకుని డానియేలంత దిగులుపడ్డ మనిషి ఇంకొకరుండరు. ఏదైనా లోపం దొరుకుతుందేమోనని మొత్తం కవరు ఖాళీ చేశాడు. దొరకలేదు.

రెండో పరీక్ష సంగతి విని వైకుంఠం ఫోనులో గట్టిగానే మందలించాడు. మొదటి కాగితం ఉంది కదా, అది ఇచ్చేయమన్నాడు. అబద్ధమేం కాదు, ఫెయిలయిన మాట నిజమే కదా అన్నాడు. డానియేలు ఊఁ కొట్టి పెట్టేశాడు. ఆ రెండు రోజులూ ఆయన జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకదాని మీద ఫెయిల్, ఒకదాని మీద పాస్, దేనిమీదా సంతకం లేదు. కొండ కావాలి. అది ఆయనకు అన్నంకంటే ఎక్కువగా కావాలి. చలిలో డేరా జిప్పు లాగి బయటికొచ్చి, ఇంకా ఎవరూ లేవకముందే పొయ్యి దగ్గర కూర్చోవడం కావాలి. అక్కడ మాత్రం ఆయన కుదురుగా కూర్చునేవాడు మరి.

ఆదివారం చర్చినుంచి నేరుగా చంపాపేట హోటలుకు వెళ్లాడు. రెండు బల్లలు కలిపి ఎనిమిది మంది కూర్చున్నారు. శ్రీవత్స, అమృత, మిగతావాళ్లు. ఏమైంది డానియేలు గారూ అని శ్రీవత్స అడిగాడు. డానియేలు జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి రెండు కాగితాలూ తగిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, సంచిలోంచి చికెన్ ప్యాకెట్టు, కీమా ప్యాకెట్టు తీసి బల్లమీద పెట్టాడు. గల్లా దగ్గరున్న హోటల్ మాలిక్‌ను కేకేసి, "భాయ్, ఏక్ జగ్ ఖౌల్తా పానీ దేవ్" అన్నాడు. మాలికే వేడినీళ్ల జగ్గు పట్టుకొచ్చి, ప్యాకెట్లను అనుమానంగా చూసి, హలాల్ హై క్యా అని అడిగాడు. అమృత కవరు మీద ముద్ర చూపించింది. ఆయన కూడా అక్కడే నిలబడిపోయాడు.

పది నిమిషాలు. కవర్లు విప్పాక ఎనిమిది చేతులు ఒక్కసారి ముందుకొచ్చాయి. మాలిక్ కీమాలో రొట్టెముక్క ముంచి, మస్తు ఉందని తలూపి వెళ్లిపోయాడు. మొదట తప్పుగా వండానని, రెండోసారి సరిగ్గా చేస్తే పాసయిందని, కడగొద్దని, కుక్కరు దగ్గరికి రానివ్వొద్దని డానియేలు అంతా వివరంగా చెప్పాడు. పాస్ అన్న కాగితం తీసి, అందరి ముందూ సంతకం చేసి శ్రీవత్సకు ఇచ్చాడు. బరువు పద్నాలుగు కిలోలు తగ్గుతుందని ఎవరో సంతోషంగా అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆయన మొహం చూడలేదు.

డానియేలే అడిగాడు. "నా పేరు లిస్టుల ఉందా సార్?"

శ్రీవత్స కాగితాన్ని రెండుసార్లు మడిచాడు. "కట్టెల సంగతి నిజమే డానియేలు గారూ," అన్నాడు చివరికి. "కానీ ఇవి తెప్పించింది అందుకు కాదు. పోయినేడు కొండ దిగేటప్పుడు మీరు రెండుసార్లు పడ్డారు. మోకాలు పట్టుకుని బండరాయి వెనక కూర్చున్నారు. ఎవరూ చూడలేదనుకున్నారు. మేమందరం చూశాం. మీరు రావద్దని మీతో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. వంట అక్కర్లేదంటే ఇక ఆ మాట చెప్పే అవసరం ఉండదనుకున్నాను."

హోటల్లో కప్పులూ సాసర్లూ మోగుతూనే ఉన్నాయి. డానియేలుకు చెవుల్లో వేడి ఎక్కింది. పేరు తీసేసినందుకు కాదు. ఏడాదిగా ఇంతమంది తన మోకాలి గురించి మాట్లాడుకుని, తనతో మాత్రం మాట్లాడనందుకు. లీలమ్మతో కూడా ఆయన ఆ సంగతి చెప్పలేదు, మెట్లమీద జారానన్నాడు.

"నా మోకాలు నొస్తదని నాకు తెల్వదా సార్," అన్నాడు. "అడిగితే చెప్తుంటి. నాతోనే నన్ను ఫెయిల్ చేపిచ్చిన్రు."

శ్రీవత్స తల దించుకున్నాడు. అమృత కళ్లు తుడుచుకుంది. డానియేలు లేచాడు. గల్లా దాకా వెళ్లాడు, అక్కడ ఆయనకు పనేమీ లేదు. వాకిలి దాకా వెళ్లి రోడ్డు చూశాడు. ఇంటికి పోవాలంటే ఎడమవైపు తిరగాలి. ఇంటికి పోయి చేసేదేముంది? కుళాయి విప్పాలి, బిగించాలి, సంతోష్‌నగర్ దాకా నడవాలి. అలిగి పోవడం తేలికే. అలిగితే డిసెంబరు ఆయన లేకుండానే వస్తుంది, పోతుంది. అడగడానికి సిగ్గేసింది. అడగకపోతే అంతకంటే కష్టమని అనిపించింది. వెనక్కొచ్చి అదే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను కొండ ఎక్కను," అన్నాడు. "కింద ఫారెస్టోళ్ల బంగ్లా కాడ బండి ఆగుతది గద. ఆ బండి కాడ ఉంట. మీరు నాలుగు రోజులు పైన తిరిగి రాండ్రి. నన్ను ఆడిదాంక తోలుకపోతే చాలు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ బంగ్లా దగ్గర ఏముంటుందో వాళ్లకు తెలుసు. ఒక అరుగు, ఒక గేటు, నిద్రపోయే డ్రైవరు. ఫోను కూడా పలకదు. "అంకుల్," అంది అమృత నెమ్మదిగా, "నాలుగు రోజులు ఒక్కచోట కూర్చోగలరా మీరు?"

"కూసుంట," అన్నాడు డానియేలు.

శ్రీవత్స జేబులోంచి లిస్టు తీసి, చివర ఆయన పేరు రాశాడు. మళ్లీ టీలు చెప్పారు. మాటలు డేరాల మీదికి, రైన్‌కోట్ల మీదికి, బయల్దేరే తారీకు మీదికి మళ్లాయి. డానియేలు రెండు చేతులతో, ఊగబోతున్న తన కుడి మోకాలిని గట్టిగా అదిమిపట్టుకుని, అందరూ లేచేదాకా కూర్చునే ఉన్నాడు.